టిప్పరు కమానులు, రాయి కిరాయి: ఏ సస్పెన్షన్ ఎవరికి గిట్టుబాటు?

పిడుగురాళ్ళ: సున్నం బేరం కుదిరేటప్పుడు వర్తకులు బొగ్గు ధర అడుగుతారు, రాయి తెలుపు అడుగుతారు, బస్తా తూకం అడుగుతారు. ఆ రాయి ఏ బండిమీద బట్టీకి చేరిందని అడిగేవారు తక్కువ. కాని ఈ ప్రాంతపు సరుకులో కిరాయి వంతు చిన్నది కాదు. నూరు టన్నుల స్వచ్ఛమైన సున్నపురాయి బట్టీలో కాలితే 44 టన్నులు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలిసిపోతుంది. మిగిలే సున్నం 56 టన్నులు. అంటే టన్ను సున్నానికి ఇంచుమించు 1.8 టన్నుల రాయిని క్వారీనుంచి మోయవలసి వున్నది. రాయిలో మట్టి, ఇసుక పాలు వుంటే ఇంకా ఎక్కువ. రాయిమీద టన్నుకు పది రూపాయల కిరాయి పెరిగిందంటే సున్నంమీద పద్దెనిమిది రూపాయలు పెరిగినట్లే లెక్క. సిమెంటువారికీ ఈ బాధ తప్పదు. టన్ను క్లింకరుకు వారికి సుమారు ఒకటిన్నర టన్నుల రాయి కావాలి.

కిరాయిలో డీజిలు ఖర్చు అందరికీ ఒక్కటే. డ్రైవరు జీతం, ఫైనాన్సు వాయిదా కూడ ఒకరికీ ఇంకొకరికీ పెద్దగా తేడా రావు. పక్కవాడికంటె టన్నుకు నాలుగు రూపాయలు తక్కువకు తోలి, అయినా నిలబడగలిగిన యజమాని వున్నాడంటే, అతడు టైర్లమీదా, రిపేర్లమీదా, బండి షెడ్డులో పడివుండే రోజులమీదా మిగుల్చుకుంటున్నాడన్నమాట. ఈ మూడూ చాలావరకు ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్యనున్న సామగ్రిని బట్టి వుంటాయి. దానినే కంపెనీవారు సస్పెన్షన్ అంటారు, మన మేస్త్రీలు కమాను అంటారు.

పల్నాటిలో బండ్లు చేసే పని ఒక రకం కాదు. మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం 1958లో మొదలైంది. ఆ తర్వాత దాచేపల్లి, తంగెడ, రెంటచింతల వైపు సిమెంటు పరిశ్రమ విస్తరించింది. పిడుగురాళ్ళ సున్నం బట్టీలకు ఎప్పటినుంచో పేరున్నది. దాచేపల్లి, నడికుడి చుట్టుపక్కల నాపరాయి తీస్తారు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రాతి వ్యాపారమంతా దాదాపు ఒకే జిల్లా పరిధిలోకి వచ్చింది. ఈ రాయిలో కొంత క్వారీ గుంటలోనుంచి పైనున్న క్రషరు దాకా మాత్రమే పోతుంది, రోడ్డు ముఖం చూడదు. కొంత పది ఇరవై మైళ్ళ దూరంలోని బట్టీకి పోతుంది. కొంత సున్నంగానో, సిమెంటుగానో, పలకలుగానో మారి అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డుమీద హైదరాబాదుకు పోతుంది. ఈ మూడు పనులకూ ఒకే రకం బండి కొనేవారే ఎక్కువమంది నష్టపోతున్నారు.

ముందుగా అందరూ ఎరిగిన కమాను కట్ట సంగతి. ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, మధ్యలో సెంటరు బోల్టు, ఇరుసుకు బిగించే యూ బోల్టులు, కొసల్లో షాకిలు పిన్నులు, బుష్షులు: ఇంతే సరంజామా. పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడంవల్ల ఊగిసలాట దానంతటదే కొంత అణగుతుంది. ఎక్కడ విరిగినా అక్కడే రిపేరు చేయించవచ్చు. విజయవాడ ఆటోనగర్‌కు పోకుండా నరసరావుపేటలోనో మాచర్లలోనో పట్టీ మార్చుకొని సాయంత్రానికి బండి ట్రిప్పు వేయగలదు. పల్లెటూరి లారీకి ఇంతకు మించిన సుగుణం లేదు.

లోపం ఎక్కడంటే, ఈ కట్ట గట్టితనం బండి ఖాళీగా వున్నా, నిండుగా వున్నా ఇంచుమించు ఒకటే. నిండు బరువుకు సరిపడేట్టు కట్ట వేస్తే ఖాళీ బండి రాతి దారిమీద ఎగిరెగిరి పడుతుంది. టిప్పరు జీవితంలో సగం దూరం ఖాళీ ప్రయాణమేనన్న సంగతి మరువరాదు. క్వారీకి దిగేటప్పుడు ఖాళీ బండి అదిరిన అదురే తొట్టి వెల్డింగులనూ, కేబిను మౌంటింగులనూ, రేడియేటరునూ ముందుగా దెబ్బతీస్తుంది. డ్రైవరు నడుముసంగతి ఎవరూ లెక్క రాయరు గాని, ఏడాదికి ముగ్గురు డ్రైవర్లు మారే బండికి ఆ లెక్క కూడ పడుతూనే వుంటుంది.

పది చక్రాల బండ్లలో వెనుక రెండు ఇరుసులు పక్కపక్కన వుంటాయి. ఇక్కడే రకాల మధ్య తేడా బయటపడుతుంది. క్వారీ టిప్పర్లలో ఎక్కువగా కనిపించేది బోగీ సస్పెన్షన్. దీనిలో కమాను కట్టను తలకిందులు చేసి, రెండు ఇరుసుల నడుమ ఛాసిస్‌కు బిగించిన ఒక లావుపాటి కడ్డీమీద నిలబెడతారు. కట్ట రెండు కొసలూ రెండు ఇరుసులమీద ఆనుతాయి. తక్కెడ దండె ఎలా వాలుతుందో ఈ కట్ట అలా వాలగలదు. ముందు ఇరుసు చక్రం అరడుగు రాయి ఎక్కితే ఛాసిస్ లేచేది పావడుగే. రెండు ఇరుసులమీదా బరువు సమంగా పడుతుంది, కనుక గుంటలో ఒక చక్రం గాలిలో తేలి రెండోది ఒక్కటే బండినంతా మోసే పరిస్థితి రాదు. లాగేటప్పుడూ, బ్రేకు వేసినప్పుడూ ఇరుసు తిరగబడకుండా పట్టి వుంచే పని టార్క్ రాడ్లది. కమాను బరువు మోస్తే చాలు. ఎగుడుదిగుడు గుంటల్లో బోగీ ఇన్నాళ్ళు నిలబడడానికి కారణం ఈ పని విభజనే.

బోగీకి తనదైన ఖర్చూ వున్నది. బరువు ఎక్కువ. ఖాళీగా మొండిగా నడుస్తుంది. టార్క్ రాడ్ల రబ్బరు బుష్షులు అరిగినప్పుడు పట్టించుకోకపోతే ఇరుసు అడ్డం తిరుగుతుంది. ఇక ఎనిమిది టైర్లూ ఒకవైపు గీసుకుపోవడం మొదలవుతుంది. బుష్షు మార్చడానికి బద్ధకించి టైర్ల జత పోగొట్టుకున్న యజమానులు ఏ లారీ స్టాండులోనైనా దొరుకుతారు. నడిమి కడ్డీకి గ్రీజు పెట్టడం మరిచితే ఆ నష్టం ఇంకో తరహాది: కడ్డీ, బుష్షు రెండూ కలిసి తిని వూరుకుంటాయి, బాగుచేసేందుకు వెనుక భాగమంతా దించాలి.

రెండవ తరహాలో ఒక్కో ఇరుసుకు వేరువేరు కమాను కట్టలు వుంటాయి. రెంటి మధ్య సమతూకం కోసం ఒక ఊగుడు చేయి పెడతారు. పాత పద్ధతిలో బ్రేకు పడినప్పుడు ఇరుసు తిప్పుడు బలం కమానుమీదనే పడి, ఆ చేతి ద్వారా ఒక ఇరుసు బరువు రెండోదానికి మారిపోయేది. తేలికపడిన చక్రం గెంతుతూ పోయి టైరు మచ్చలు మచ్చలుగా అరిగేది. దీనికి విరుగుడుగా వచ్చినదే అశోక్ లేలాండ్ బండ్లలో ఎన్నార్ఎస్ అని వ్యవహరించే నాన్ రియాక్టివ్ సస్పెన్షన్. ఇందులో తిప్పుడు బలం రాడ్లకు పోతుంది, బ్రేకు వేసినా రెండు ఇరుసులమీదా బరువు సమంగా వుంటుంది. టాటా లారీలలో వాడే బెల్ క్రాంక్ పద్ధతిలో మోచేతి ఆకారపు మీటలు రెండు కట్టలనూ ఒక కడ్డీతో కలుపుతాయి. ఒకదానిమీద పడిన బరువును అవి రెండోదానికి పంచుతాయి. ఈ రెండు పద్ధతులూ తారు రోడ్డుమీద మెత్తగా నడుస్తాయి, టైరు బాగా మన్నుతుంది. క్వారీ గుంటలో మాత్రం చక్రాల ఎత్తుపల్లాలకు బోగీ ఇచ్చినంత ఆట ఇవి ఇవ్వవు. మీటల పిన్నులూ బుష్షులూ లెక్కకు ఎక్కువ. సున్నపురాతి పొడి, వానాకాలపు నల్లరేగడి బురద వాటిలో దూరితే ఆకురాయిలాగా పనిచేస్తాయి.

ఇప్పుడు వర్తకులకు కావలసిన లెక్క. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితి పెంచింది. మూడు ఇరుసుల పది చక్రాల బండి మొత్తం బరువు 25 టన్నులనుంచి 28.5 టన్నులకు, నాలుగు ఇరుసుల బండిది 31నుంచి 36 టన్నులకు పెరిగింది. పది చక్రాల టిప్పరు ఖాళీ బరువు 11 టన్నులనుకుందాం. అప్పుడు చట్టప్రకారం రాయి 17.5 టన్నులు. బోగీ బదులు తేలిక సస్పెన్షన్ వున్న బండి 300 కిలోలు తక్కువ తూగిందనుకుంటే ట్రిప్పుకు ఆ 300 కిలోల రాయి అదనంగా వేసుకోవచ్చు. రోజుకు నాలుగు ట్రిప్పులు, నెలకు ఇరవైఐదు రోజులు అనుకుంటే నెలకు 30 టన్నుల లాభం. అమ్మే కంపెనీ ప్రతినిధి ఇక్కడితో లెక్క ఆపుతాడు.

దానిని ఇంకొక మెట్టు సాగదీయాలి. అదే బండి ఒక రోజు షెడ్డులో నిలిచిందంటే పోయేది నాలుగు ట్రిప్పులు, 70 టన్నులు. నెలకు అరరోజు నిలిచినా 35 టన్నులు. అంటే తేలిక సస్పెన్షన్ మిగిల్చిన 30 టన్నులూ అరరోజు రిపేరులో కరిగిపోయి మరో అయిదు టన్నులు ఎదురుపడతాయి. రోడ్డుమీద నడిచే బండికి ఆ అరరోజు రిపేరు రాదు, అక్కడ తేలికదే గెలుపు. గుంటలో దిగే బండికి తప్పక వస్తుంది, అక్కడ బరువైన బోగీయే చవక. కంపెనీ పేరుమీద వాదులాడుకునేవారు ఈ లెక్కను తమ సొంత ట్రిప్పుల అంకెలతో ఒకసారి వేసి చూసుకుంటే మేలు.

అధిక లోడు సంగతి విడిగా చెప్పక తప్పదు. పగిలిన సున్నపురాయి ఘనమీటరుకు ఒకటిన్నర టన్నులు తూగుతుంది. 14 ఘనమీటర్ల తొట్టిని అంచుదాకా నింపితే 21 టన్నులు. పైన చెప్పిన 17.5 టన్నులకు మూడున్నర టన్నులు ఎక్కువ. ‘తొట్టి నిండలేదు, తూకం తక్కువుంటుంది’ అని లోడు దగ్గర పేచీ పెట్టే బట్టీ గుమాస్తాలు ఈ సంగతి గమనించాలి. కాల్చిన సున్నానికి తగిన తొట్టి రాయికి పెద్దదవుతుంది. 2019 సెప్టెంబరునుంచి అమలులో వున్న మోటారు వాహనాల చట్ట సవరణ ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అధిక టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు, దించే ఖర్చు అదనం. నడిపినవాడొక్కడే కాదు, నడిపించినవాడూ నడపనిచ్చినవాడూ చట్టానికి బాధ్యులే. సరుకు పురమాయించే వర్తకుడు ఈ మాట చెవిన వేసుకోవడం మంచిది.

జరిమానా పడేది పట్టుబడిన రోజుననే. కమాను మాత్రం రోజూ చెల్లిస్తూనే వుంటుంది. ఉక్కు పట్టీ అలసట బరువు పెరిగిన దామాషాలో పెరగదు, అంతకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. రోడ్డు సంగతీ ఇంతే. 1958–60 సంవత్సరాలలో అమెరికాలో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని అటావా దగ్గర జరిపిన పెద్ద రోడ్డు పరీక్షలలో తేలినదేమంటే, రోడ్డుకు జరిగే నష్టం ఇరుసు బరువుకు సుమారుగా నాలుగవ ఘాతంగా పెరుగుతుంది. ఇరుసుమీద అయిదింట ఒక వంతు ఎక్కువ వేస్తే రోడ్డు రెట్టింపు వేగంతో పాడవుతుందన్నమాట. ఆ పాడైన దారిమీదనే మరునాడు మన బండే పోవాలి.

అధిక లోడుకు ఇక్కడివారు పట్టిన ఉపాయం పట్టీలు కలపడం. కట్టకు రెండో మూడో పట్టీలు అదనంగా వేయిస్తారు. బండి వాలకుండా నిలబడుతుంది, యజమాని సంతోషిస్తాడు. విరగవలసిన కమాను విరగకపోగా ఆ దెబ్బ ఛాసిస్ అడ్డకమ్మీలకూ, రివెట్లకూ, ఇరుసు హౌసింగుకూ చేరుతుంది. పట్టీ మార్చడం ఒక పూట పని. ఛాసిస్ పగులు వెల్డింగు చేయించిన బండికి అమ్మకపు ధర శాశ్వతంగా పడిపోతుంది. తయారీదారు నిర్ణయించిన దానిని ఇలా మార్చడాన్ని చట్టమూ ఒప్పదు. ప్రమాదం జరిగినప్పుడు బీమావారు మొదట వెతికేది ఇలాంటి సాకునే. సాగిపోయిన పట్టీని కొలిమిలో కాల్చి మళ్ళీ వంపు తీయించడం ఇంకొక చవక వైద్యం. సరైన వేడిలో ముంచి, మళ్ళీ పదును పెట్టే ఏర్పాటు లేనిచోట ఆ పట్టీ మెత్తబడిపోతుంది, లేదా పెళుసై పుటుక్కున తెగుతుంది. కొత్త పట్టీకి డబ్బు పెట్టడమే నయం.

ఇక సిమెంటు కర్మాగారాల సొంత గనుల్లోని పెద్ద డంపర్ల మాట. 35 టన్నులు, అంతకు మించి మోసే డంపర్లకు ఉక్కు పట్టీలు వుండవు. ఒక్కో చక్రం దగ్గర లావుపాటి ఉక్కు గొట్టం, అందులో నూనె, నూనెమీద నత్రజని వాయువు. బరువు పడేకొద్దీ వాయువు నొక్కుకొని గట్టిపడుతుంది, ఖాళీగా వున్నప్పుడు మెత్తగా వుంటుంది. కమాను కట్టకు వున్న పెద్ద లోపం ఇక్కడ లేదు. అమెరికాలో లెటర్నో–వెస్టింగ్‌హౌస్ కంపెనీ 1957లో తెచ్చిన హాల్‌పాక్ డంపరుతో ఈ పద్ధతికి పేరు వచ్చింది. దానిని రూపొందించిన ఇంజనీరు రాల్ఫ్ క్రెస్. అదే రోజుల్లో మాచర్లకు పాతిక కిలోమీటర్ల అవతల, 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్టకు కూలీలు రాతిమీద రాయి పేర్చి కడుతున్నారు. మన దేశంలో 1964లో ఏర్పడిన బి.ఇ.ఎం.ఎల్. ఇలాంటి డంపర్లను తయారుచేస్తూ వచ్చింది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో వీటిని చూసినవారు మన వర్తకులలోనూ వున్నారు.

అయితే ఈ డంపరు రోడ్డెక్కేది కాదు, గని హద్దులోనే తిరగాలి. రోజంతా తెగని పని వున్నప్పుడే దాని పెట్టుబడి తిరిగి వస్తుంది. గొట్టంలో సీలు కారిందంటే మన కమాను మేస్త్రీ చేయగలిగినది ఏమీ లేదు. నత్రజని సిలిండరు, మీటరు, కంపెనీ మనిషి రావాలి. ఎండ ప్రభావం కూడ ఇక్కడ లెక్కలోకి వస్తుంది. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలిసినవే. ఉదయం 27 డిగ్రీలలో నింపిన వాయువు మధ్యాహ్నం 45 డిగ్రీలకు వేడెక్కితే పీడనం నూటికి ఆరు వంతులు పెరుగుతుంది. అందువల్ల కొలత ఎప్పుడు తీసినా ఒకే వేళకు, బండి చల్లగా వున్నప్పుడు తీయాలి. నత్రజని దొరకలేదని వెల్డింగు షాపునుంచి ఆక్సిజన్ తెచ్చి నింపరాదు. పీడనంలో వున్న నూనెకు ఆక్సిజన్ తగిలితే పేలుడు జరుగుతుంది, ప్రాణాలు పోతాయి. ఈ మాట గని కాంట్రాక్టర్లు తమ హెల్పర్లకు స్వయంగా చెప్పాలి.

మధ్యరకంగా రబ్బరు దిమ్మల సస్పెన్షన్ వున్నది. రెండు ఇరుసులను కలిపే దూలం, దానిమీద రబ్బరు దిమ్మలు. గ్రీజు అక్కరలేదు, పట్టీలు విరిగే బెడద లేదు. నూనె తగిలినా, విపరీతమైన వేడి తగిలినా రబ్బరు పాడవుతుంది. దిమ్మ చిరిగితే అదే కొలత దిమ్మ దొరికేదాకా బండి కదలదు. విడిభాగాలు వారంలోపల చేతికి అందే ఏర్పాటు వున్నవారే దీని జోలికి పోవాలి.

గాలి సంచుల సస్పెన్షన్‌ను సిమెంటు బల్కరు ట్రెయిలర్లలో చూసి, టిప్పరుకూ వేయిస్తే ఎలా వుంటుందని కొందరు అడుగుతున్నారు. తారు రోడ్డుమీద నిలకడగా తిరిగే బండికి అది చక్కటిదే. ఖాళీకీ నిండుకీ ఎత్తు మారదు, సరుకు అదరదు. రాతి ముక్కలు ఎగిరే గుంటలో రబ్బరు సంచికి రక్షణ లేదు. తొట్టి ఎత్తేటప్పుడు సంచుల్లోని గాలి వదిలి బండిని కిందికి కూర్చోబెట్టాలి. అది మరిచిన రోజున బండి పక్కకు ఊగుతుంది.

తొట్టి ఎత్తేటప్పుడు బండి బోర్లాపడడం ఈ వ్యాపారంలో అన్నిటికంటె ఖరీదైన దెబ్బ. ఎత్తిన తొట్టిలోని సరుకు బరువు నేలకు మూడు మీటర్ల ఎత్తున వున్నదనుకుంటే, బండి ఒకవైపుకు మూడు డిగ్రీలు వాలినా ఆ బరువు 16 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఒకవైపు కమాను సాగి వున్నా, ఒక పట్టీ విరిగి వున్నా, నేల మెత్తనై ఒక చక్రం దిగినా ఈ మూడు డిగ్రీలు సులువుగా వచ్చేస్తాయి. తడిసిన చూర రాయి తొట్టి ఒక మూలకు అంటుకొని జారకపోతే ఇంకా ప్రమాదం. వానాకాలంలో బట్టీల దగ్గర దించే చోటు చదునుగా, గట్టిగా వుంచవలసిన బాధ్యత బట్టీదారుది. ఆ పూట పక్కన నిలబడే మనిషి సాధారణంగా బట్టీ కూలీయే.

నాపరాయి వర్తకులకు ఇంకొక చిక్కు. వారి సరుకు టిప్పరులో పోదు. పలకలను నిలువుగా పేర్చి వరిగడ్డి అడ్డంపెట్టి లారీలో పంపుతారు. దారిలో విరిగినది ఎవరి ఖాతా అన్నది పాత తగాదా. పట్టీలు కలిపి బిగదీసిన లారీలో సగం లోడు పలకలు పంపడమంటే విరుగుడును కోరి తెచ్చుకోవడమే. అటువంటి సరుకుకు బెల్ క్రాంకో ఎన్నార్ఎస్సో వున్న లారీని, దాని పూర్తి లోడుతో మాట్లాడుకోవడం నయం. ముందు ఇరుసుకు తక్కువ పట్టీల పారాబొలిక్ కమాను వున్న బండి అయితే మరీ మంచిది, షాక్ అబ్సార్బర్లు పనిచేస్తున్నంతకాలం.

పాత బండ్ల బేరంలో వున్నవారికి కొన్ని మాటలు. ఫైనాన్సు కంపెనీలు జప్తుచేసిన టిప్పర్లు వేలంలో చవకగా వస్తున్నాయి. వాటిలో క్వారీ బండి ఏదో, రోడ్డు బండి ఏదో రంగు చూసి చెప్పలేము. ‘బండి సీదాగానే నిలబడింది గదండీ, ఇంకేం చూస్తారు’ అని బ్రోకరు అంటాడు. సీదాగా నిలబడడానికి నిన్న రాత్రి కలిపిన పట్టీ చాలు. కట్టలో పట్టీలన్నీ ఒకే వయసువో కావో అంచుల తుప్పు చెబుతుంది. యూ బోల్టుల పక్కన తుప్పు ఎర్రటి పొడిగా రాలుతున్నదంటే అవి వదులై చాలాకాలమైంది, సెంటరు బోల్టు తెగడానికి సిద్ధంగా వున్నదన్నమాట. రెండు వెనుక ఇరుసుల హబ్బుల నడుమ దూరం కుడివైపూ ఎడమవైపూ టేపుతో కొలిస్తే, తేడా వుంటే టార్క్ రాడ్ల బుష్షులు పోయాయి. ఇరుసు హౌసింగుమీద కమాను కొస ఆనేచోట గాడి పడి వుంటే ఆ బండి లోడు చరిత్ర అక్కడ రాసి వున్నట్లే. ఛాసిస్ లోపలివైపు టార్చిలైటు వేసి, కొత్త రంగు పూసిన చోట్లనే మరింత పరీక్షగా చూడాలి. చివరకు ఖాళీ బండిని ఒక చక్రం రాయిమీదికి ఎక్కించి, నాలుగు వెనుక చక్రాల జతలూ నేలను తాకి వున్నాయో లేదో చూడండి. ఇందుకు పట్టేది పావుగంట. ఒప్పుకోని అమ్మకందారు బండిని వదిలి రావచ్చు.

కొత్త బండ్లు కొనేవారికి గత సంవత్సరాలకంటె కొంత ఊరట కలిగింది. 2025 సెప్టెంబరు 22నుంచి సరుకు రవాణా వాహనాలమీద జి.ఎస్.టి. నూటికి 28నుంచి 18కి తగ్గింది. సిమెంటుమీద కూడ అదే తీరున తగ్గింది. కొత్త బండి చవకయితే పాత బండి ధర కూడ దిగిరావడం న్యాయం. పాత టిప్పర్లు అమ్మేవారు ఆ సంగతి ఎత్తరు. కొనేవారే ఎత్తాలి. ఆర్డరు ఇచ్చేటప్పుడు బండి మోడలు పేరుతో సరిపెట్టుకోరాదు. ఒకే మోడలు పేరుమీద రెండు మూడు సస్పెన్షన్లతో బండ్లు వస్తున్నాయి. కొటేషనులో వెనుక సస్పెన్షన్ రకం, పట్టీల సంఖ్య, ఖాళీ బరువు రాయించుకోవాలి. డెలివరీనాడు బండిని కాటామీద పెట్టి ఆ బరువు సరిచూసుకోవాలి.

కిరాయి ఒప్పందాలలోనూ మార్పు రావలసి వున్నది. ప్రస్తుతం రాయి సరఫరా ఒప్పందాలు చాలామట్టుకు నోటి మాటమీదనే నడుస్తున్నాయి. బండి నిలిచిన రోజున బట్టీ చల్లారితే ఆ నష్టం ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడు రెండువైపులా కాగితం వుండదు. మండుతున్న బట్టీకి రాయి ఆగితే కాలిన బొగ్గు తిరిగి రాదు. టన్నుకు రెండు రూపాయలు తక్కువకు కుదిరిన టిప్పరుకంటె, క్వారీ గుంటకు ఒక బోగీ బండి, రోడ్డుకు ఒక తేలిక బండి, అవసరానికి ఒక కట్ట పట్టీలు షెడ్డులో పెట్టుకున్న యజమానితో రెండు రూపాయలు ఎక్కువకు కుదుర్చుకోవడమే బట్టీదారుకు కిఫాయతు. ట్రిప్పు లోడు చట్టపు బరువుకు మించరాదనీ, ఒక పూటకు మించి బండి నిలిస్తే బదులు బండి పంపవలసినదనీ, దించే చోటు చదును చేయవలసినది బట్టీదారేననీ మూడు వాక్యాలు తెల్లకాగితంమీద రాసుకొని ఇరువురూ సంతకాలు చేసుకోవాలి. వానలు పడి గుంటల దారులు పాడవకముందే ఈ పని జరగాలి. ఆ తర్వాత బండ్లకు గిరాకీ పెరిగి, షరతులు చెప్పే వంతు లారీ యజమానులదవుతుంది.